మెనోపాజ్ వయసులో కొలెస్ట్రాల్, మొక్కల ఫ్లేవనాయిడ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిండి మార్చలేదు, బరువు పెరగలేదు. నెలసరి ఆగిపోయే రోజుల్లోనే కొలెస్ట్రాల్ ఎందుకు పెరిగింది?

తిండి మారకపోయినా కాలేయం పనిచేసే తీరు మారింది. రక్తంలో తిరిగే ఎల్‌డిఎల్ (చెడు కొలెస్ట్రాల్) రేణువులను కాలేయ కణాలు తమ మీదున్న గ్రాహకాలతో పట్టుకుని లోపలికి లాక్కుంటాయి. స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజన్ పుష్కలంగా ఉన్నన్నాళ్లూ ఈ గ్రాహకాలు ఎక్కువగా ఉంటాయి. అండాశయాలు ఎస్ట్రడయోల్ (ముఖ్యమైన ఈస్ట్రోజన్) తయారీ తగ్గించాక గ్రాహకాలూ తగ్గుతాయి. దాంతో ఎల్‌డిఎల్ రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది.

అమెరికాలో 1996లో మొదలైన స్వాన్ అధ్యయనం మధ్యవయసు మహిళలను ఏళ్ల తరబడి గమనించింది. చివరి నెలసరికి అటూ ఇటూ ఒక్కో ఏడాదిలో మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డిఎల్, అపోబి (ఎల్‌డిఎల్ వంటి రేణువుల మీదుండే ప్రొటీన్) ఒక్కసారిగా పైకి లేచినట్టు అందులో తేలింది. వయసుతోపాటు నిదానంగా పెరిగేది వేరు, ఇది వేరు. రక్తంలోని మరో రకం కొవ్వు ట్రైగ్లిసరైడ్ల సంగతి కొంచెం భిన్నం. వాటి పెరుగుదలకు పొట్ట చుట్టూ చేరే కొవ్వు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువ కారణం.

'మంచి కొలెస్ట్రాల్' అనే హెచ్‌డిఎల్ విషయంలో చాలామంది మోసపోతారు. ఈ దశలో ఆ అంకె బాగానే ఉండొచ్చు, పెరగనూ వచ్చు. అయినా దాని రక్షణ సామర్థ్యం మునుపటిలా ఉండకపోవచ్చు. 'హెచ్‌డిఎల్ 60 దాటింది కాబట్టి ఎల్‌డిఎల్ 160 ఉన్నా ఫర్వాలేదు' అనే లెక్క చెల్లదు.

ఆపరేషన్‌లో రెండు అండాశయాలూ తీసేస్తే ఈ మార్పులన్నీ ఒక్కసారిగా వస్తాయి. 40 ఏళ్లలోపే నెలసరి ఆగిపోయినవారు ఆ విషయాన్ని డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. గుండె జబ్బు ముప్పును పెంచే అంశాల్లో వైద్య మార్గదర్శకాలు దాన్నీ చేర్చాయి.

ఫ్లేవనాయిడ్లు అంటే సరిగ్గా ఏవి?

మొక్కలు ఎండ, పురుగు, తెగుళ్ల నుంచి తమను కాపాడుకోవడానికి, పూలకూ పండ్లకూ రంగు ఇవ్వడానికి తయారుచేసుకునే ఒక రసాయన కుటుంబం. ఉల్లిపాయలో, ఆపిల్ తొక్కలో క్వెర్సెటిన్ ఉంటుంది. నారింజ జాతి పండ్లలో హెస్పెరిడిన్, నారింజెనిన్. తేయాకులో, కోకోలో కాటెకిన్లు. నేరేడు, నల్ల ద్రాక్ష, బెర్రీల ఊదా రంగులో ఆంథోసయనిన్లు. సోయాలో ఉండేవి ఐసోఫ్లేవోన్లు, అంటే జెనిస్టీన్, డైడ్జీన్, గ్లైసిటీన్. మెనోపాజ్ మాట వచ్చినప్పుడు వీటి చర్చే ఎక్కువ, ఎందుకంటే వీటి ఆకారం ఈస్ట్రోజన్‌ను పోలి ఉండి దాని గ్రాహకాలకు అతుక్కుంటుంది.

ఇక ఈ కుటుంబంలో లేకపోయినా వీటి పేరు మీద అమ్ముడయ్యేవి చాలా ఉన్నాయి. పసుపులోని కర్క్యుమిన్, ద్రాక్షలోని రెస్వెరట్రాల్, అవిసె గింజల్లోని లిగ్నాన్లు, కాఫీలోని క్లోరోజెనిక్ ఆమ్లం ఫ్లేవనాయిడ్లు కావు. రెడ్ ఈస్ట్ రైస్ (ఒక రకం శిలీంధ్రంతో పులియబెట్టిన బియ్యం) అయితే పూర్తిగా వేరే సరుకు. అందులో పనిచేసే మొనకోలిన్ కె, లోవాస్టాటిన్ అనే మందు (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లలో ఒకటి) రెండూ ఒకటే. 'సహజం' అనుకుని దాన్ని స్టాటిన్ మాత్రతో కలిపి వేసుకుంటే స్టాటిన్ రెండింతలు వేసుకున్నట్టే.

ఇవి రక్తంలోని కొవ్వు మీద ఎలా పనిచేస్తాయి?

ఎక్కువ ఆధారాలున్న దారి పేగుల్లోనే ఉంది. కొలెస్ట్రాల్ పేగు గోడ దాటాలంటే ముందు పైత్య రసంలోని లవణాలతో కలిసి సూక్ష్మమైన బిందువులుగా మారాలి. తేయాకు కాటెకిన్లు ఆ కలయికను చెడగొడతాయి. కలవని కొలెస్ట్రాల్ మలంతో బయటికి పోతుంది.

కాలేయం లోపల జరిగే పనుల పట్టిక పెద్దదే. ఎఎంపికె అనే ఎంజైమును మేల్కొలపడం, కొలెస్ట్రాల్ తయారీని నెమ్మదింపజేయడం, ఎల్‌డిఎల్ గ్రాహకాలను పెంచడం, ఎల్‌డిఎల్ ఆక్సీకరణను ఆపడం ఇందులో ఉన్నాయి. ఇవన్నీ నిజంగా గమనించినవే. కాకపోతే ఎక్కువ భాగం గాజు పళ్లెంలో పెంచిన కణాల్లోనూ, ఎలుకల్లోనూ.

అండాశయాలు తీసేసిన ఎలుకల్లో కొలెస్ట్రాల్ బాగా తగ్గిందని చదివాను. మనుషుల్లో అంత ఎందుకు తగ్గదు?

మొదటి కారణం మోతాదు. గాజు పళ్లెంలో కణాలకు పోసే ఫ్లేవనాయిడ్ గాఢత తరచుగా పదుల మైక్రోమోలార్లలో (గాఢతను కొలిచే చిన్న ప్రమాణం) ఉంటుంది. మనం తిన్నాక రక్తంలో కనిపించేది సాధారణంగా ఒక మైక్రోమోలార్‌కు అటూ ఇటూ, చాలాసార్లు అంతకంటే బాగా తక్కువ.

రెండోది, రక్తంలో తిరిగేది మనం తిన్న పదార్థం కాదు. పేగు గోడ, కాలేయం దానికి గ్లూకురోనైడ్, సల్ఫేట్ తగిలించి వేరే అణువుగా మార్చేస్తాయి. కణాల మీద పరీక్షించింది మాత్రం మారని రూపాన్ని.

మూడోది అంతగా చర్చకు రాదు గానీ కీలకం. ఎలుకల ఒంట్లో సిఇటిపి అనే ప్రొటీన్ ఉండదు. హెచ్‌డిఎల్‌లోని కొలెస్ట్రాల్‌ను ఇతర రేణువులకు చేరవేసేది అదే. అందుకే ఎలుకల రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువగా హెచ్‌డిఎల్ రూపంలోనే తిరుగుతుంది. మన సమస్య ఎల్‌డిఎల్. ఎలుక ఫలితం చూపించి అమ్మే సీసా ఏదైనా, మనుషుల్లో ఎన్ని వారాలు, ఎంత మోతాదు, ఎల్‌డిఎల్ ఎంత తగ్గింది అని అడగండి. ఈ మూడింటికీ జవాబు లేకపోతే డబ్బు మిగిలిందనుకోండి.

మరి మనుషుల్లో ఎంత తగ్గుతుంది?

సోయా ప్రొటీన్ రోజుకు 25 గ్రాముల చొప్పున తీసుకున్న ప్రయోగాలన్నీ కలిపి చూస్తే ఎల్‌డిఎల్ సుమారు 3 నుంచి 4 శాతం తగ్గింది. గ్రీన్ టీతో సగటున 2 నుంచి 5 మి.గ్రా./డె.లీ. (రిపోర్టులో కొలెస్ట్రాల్ అంకెల కొలత ఇదే). క్వెర్సెటిన్ వల్ల రక్తపోటు కొద్దిగా తగ్గిన దాఖలాలున్నాయి గానీ కొవ్వుల మీద ప్రభావం నామమాత్రం. ఆంథోసయనిన్ సారం రోజుకు 320 మి.గ్రా. ఇచ్చిన కొన్ని ప్రయోగాల్లో ఎల్‌డిఎల్ తగ్గి హెచ్‌డిఎల్ పెరిగింది. అవి చిన్నవి, అందరిలోనూ అలా రాలేదు.

పక్కన పెట్టి పోల్చుకోవడానికి: ఇసబ్గోల్ వంటి జిగురు పీచు రోజుకు 7 నుంచి 10 గ్రాములతో 5 నుంచి 7 శాతం, మొక్కల స్టెరాల్స్ (కొలెస్ట్రాల్‌ను పోలిన మొక్కల పదార్థాలు) 2 గ్రాములతో 8 నుంచి 10 శాతం, కొలెస్ట్రాల్ తగ్గించే ఎజెటిమైబ్ మాత్రతో సుమారు 20 శాతం, స్టాటిన్‌తో మోతాదును బట్టి 30 నుంచి 50 శాతం.

సోయాలో పనిచేసేది ఐసోఫ్లేవోన్లా, ప్రొటీనా?

ఎల్‌డిఎల్ విషయంలో మొగ్గు ప్రొటీన్ వైపే. విడదీసిన ఐసోఫ్లేవోన్ మాత్రలు ఎల్‌డిఎల్‌ను చెప్పుకోదగ్గంత తగ్గించలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2006లోనే తేల్చింది. సోయా ప్రొటీన్ గుండెకు మేలంటూ లేబుల్ మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డిఎ 1999లో అనుమతించింది. ఆధారాలు నిలకడగా లేవని ఆ అనుమతిని వెనక్కి తీసుకోవాలని 2017లో ప్రతిపాదించింది.

సోయాతో వచ్చే లాభంలో మరో భాగం అది దేన్ని పక్కకు నెట్టిందన్నదాంట్లో ఉంది. కొవ్వు మాంసం, వెన్న తీయని పాలు, జున్ను తినే చోట సోయా తింటే సంతృప్త కొవ్వు తగ్గుతుంది, దాంతో ఎల్‌డిఎల్ మరికొంత దిగుతుంది. ఉన్న భోజనానికి అదనంగా చేర్చుకుంటే ఈ రెండో లాభం రాదు. పైగా కేలరీలు పెరిగి ట్రైగ్లిసరైడ్లు కూడా పెరగొచ్చు.

25 గ్రాముల సోయా ప్రొటీన్ అంటే రోజుకు ఎంత తినాలి?

ఎండు మీల్‌మేకర్ 50 గ్రాములు తింటే సరిపోతుంది, దాని బరువులో దాదాపు సగం ప్రొటీనే. ఉడికించిన సోయా గింజలైతే 150 గ్రాములు. 240 మి.లీ. సోయా పాలలో 6 నుంచి 8 గ్రాములు, 100 గ్రాముల టోఫులో (సోయా పనీర్) దాని గట్టిదనాన్ని బట్టి 8 నుంచి 15 గ్రాములు ఉంటాయి. రెండు గ్లాసుల సోయా పాలు, 100 గ్రాముల గట్టి టోఫు కలిస్తే లెక్క కుదురుతుంది.

మొదటి రోజే పూర్తి మోతాదుకు వెళ్తే పొట్ట ఉబ్బరిస్తుంది. రెండు వారాలు సగంతో మొదలుపెట్టండి. ఎండు గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేలితో నొక్కితే మెత్తగా నలిగేదాకా ఉడికించాలి. పచ్చి సోయాలో ప్రొటీన్ జీర్ణాన్ని అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకాలు ఉంటాయి, సరిగా ఉడక్కపోతే అవి మిగిలిపోతాయి.

సోయా సాస్‌లో, సోయా నూనెలో ఐసోఫ్లేవోన్లు దాదాపు ఉండవు. ఆల్కహాల్‌తో కడిగి తయారుచేసిన సోయా ప్రొటీన్ పొడిలో ప్రొటీన్ ఉంటుంది గానీ ఐసోఫ్లేవోన్లు చాలావరకు కొట్టుకుపోతాయి.

మూడు నెలలు తిన్నాను. ఎల్‌డిఎల్ 140 నుంచి 144 అయింది. ఎక్కడ తప్పు జరిగింది?

బహుశా ఎక్కడా జరగలేదు. తిండి, మందులు ఏవీ మార్చకపోయినా ఒకే మనిషిలో ఎల్‌డిఎల్ రోజుకొక రకంగా సుమారు 8 శాతం అటూ ఇటూ ఊగుతుంది. 140 మీద అది 11. సోయా ఇచ్చే 3 శాతం అంటే 4. పదకొండు ఊగే అంకెలో నాలుగు తగ్గిందో లేదో ఒక్క రిపోర్టుతో తేల్చలేం. ట్రైగ్లిసరైడ్ల ఊపు ఇంకా ఎక్కువ, 20 శాతం దాకా. వేలమందిని సగటు తీస్తే కనిపించే తేడా మీ ఒక్కరి కాగితం మీద కనిపించకపోవచ్చు. తగ్గినట్టు కనిపించినా అది సోయా వల్లేనని చెప్పలేం. ఫ్లేవనాయిడ్ల ప్రచారమంతా ఈ చిన్న లెక్కను దాటవేసే నడుస్తుంది.

పైగా నెలసరి పూర్తిగా ఆగకముందు హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, కొలెస్ట్రాల్ వాటి వెంటే ఊగుతుంది. చివరి నెలసరి చుట్టూ ఉన్న ఆ రెండేళ్లలోనైతే ఎల్‌డిఎల్ ఎలాగూ పైకి పోతుంటుంది. మీ 144, సోయా లేకపోతే 148 అయ్యేదేమో.

పోలిక వీలైనంత సరిగ్గా ఉండాలంటే మొదలుపెట్టే ముందు వారం తేడాతో రెండుసార్లు పరీక్ష చేయించి సగటు తీసుకోండి. మార్పు మొదలైన 8 నుంచి 12 వారాలకు మళ్లీ అలాగే రెండుసార్లు. అదే ల్యాబ్, అదే వేళ. ట్రైగ్లిసరైడ్లు ముఖ్యమైతే 9 నుంచి 12 గంటల ఉపవాసం, ముందు రోజు మద్యం లేకుండా. జ్వరం, ఇన్ఫెక్షన్, ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు కొలెస్ట్రాల్ దొంగ తగ్గుదల చూపిస్తుంది, అప్పుడు పరీక్షించొద్దు.

రిపోర్టులో ఏ అంకె చూడాలి?

ఎల్‌డిఎల్‌తోపాటు నాన్-హెచ్‌డిఎల్ చూడండి. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డిఎల్ తీసేస్తే అదే. చాలా ల్యాబుల్లో ఎల్‌డిఎల్‌ను నేరుగా కొలవరు, మొత్తంలోంచి హెచ్‌డిఎల్‌నూ, ట్రైగ్లిసరైడ్లలో ఐదో వంతునూ తీసేసి లెక్కగడతారు. మొత్తం 232, హెచ్‌డిఎల్ 56, ట్రైగ్లిసరైడ్లు 180 అయితే ఎల్‌డిఎల్ 140, నాన్-హెచ్‌డిఎల్ 176. ట్రైగ్లిసరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనిచేయదు. అపోబి పరీక్ష వీలైతే ఇంకా మంచిది. లైపోప్రొటీన్ (ఎ), అంటే ఎల్‌డిఎల్‌ను పోలిన మరో రేణువు, జీవితంలో ఒక్కసారి చూపించుకుంటే చాలు, అది ఎక్కువ భాగం వంశపారంపర్యం.

ఈక్వాల్ అంటే ఏమిటి?

పేగుల్లోని కొన్ని రకాల బ్యాక్టీరియా డైడ్జీన్‌ను మార్చి తయారుచేసే పదార్థం. ఈస్ట్రోజన్ గ్రాహకాలకు ఇది డైడ్జీన్ కంటే బలంగా అతుక్కుంటుంది. ఆ బ్యాక్టీరియా అందరిలో ఉండదు. పాశ్చాత్య దేశాల్లో నలుగురిలో ఒకరు, తూర్పు ఆసియాలో సగం మంది దీన్ని తయారుచేయగలరు. ఒకే సోయా ఇద్దరిలో రెండు రకాలుగా పనిచేయడానికి ఇదొక వివరణ. కొలెస్ట్రాల్ కోసం ఈక్వాల్ పరీక్ష చేయించుకోవాల్సిన పని మాత్రం లేదు, ఫలితం ఏదొచ్చినా చికిత్స మారదు.

గ్రీన్ టీ ఎన్ని కప్పులు? మాత్రలు వేసుకోవచ్చా?

కప్పుకు 2 గ్రాముల ఆకు, 80 డిగ్రీల దగ్గర నీళ్లు, 3 నుంచి 5 నిమిషాలు. అలా కాచిన 240 మి.లీ. కప్పులో ఇజిసిజి అనే ప్రధాన కాటెకిన్ రమారమి 50 నుంచి 100 మి.గ్రా. ఉంటుంది. మూడు నాలుగు కప్పులు చాలు. సీసాల్లో అమ్మే చల్లటి గ్రీన్ టీలో కాటెకిన్లు తక్కువ, చక్కెర ఎక్కువ.

అన్నంతోపాటు తాగొద్దు. కాటెకిన్లు శాకాహారంలోని ఇనుమును పట్టేసుకుంటాయి. నెలసరి ఆగే ముందు కొందరికి రక్తస్రావం విపరీతంగా ఉంటుంది, అప్పటికే హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటుంది. భోజనానికి గంట ముందో, గంట తర్వాతో తాగితే ఇబ్బంది తగ్గుతుంది.

మాత్రల జోలికి వెళ్లకపోవడమే మంచిదన్నది మా అభిప్రాయం. సప్లిమెంట్ల రూపంలో ఇజిసిజి రోజుకు 800 మి.గ్రా. చేరితే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. 2022లో యూరోపియన్ యూనియన్ ఆ పరిమితిని చట్టంలో పెట్టి, పరగడుపున వేసుకోవద్దనే హెచ్చరిక తప్పనిసరి చేసింది. ఎల్‌డిఎల్‌లో నాలుగైదు పాయింట్ల కోసం కాలేయాన్ని పణంగా పెట్టడం అర్థం లేని బేరం.

వంటలో ఫ్లేవనాయిడ్లు పోతాయా?

ఉల్లిపాయలో క్వెర్సెటిన్ పై పొరల్లోనే ఎక్కువ. ఎండు తొక్కతోపాటు రెండు కండగల పొరలు కూడా ఒలిచి పారేస్తే మంచి భాగం చెత్తబుట్టకు పోయినట్టే. వేయిస్తే పెద్దగా నష్టం లేదు. ఉడికిస్తే నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లు కూడా వాడుకుంటే సరి. ఆంథోసయనిన్లు వేడికి విరిగిపోతాయి. వంటసోడా పడితే ఊదా రంగు నీలంగానో పచ్చగానో తిరగడం అవి చెడుతున్నాయనడానికి గుర్తు.

నారింజలో హెస్పెరిడిన్ తెల్లటి పొరలో, తొనల తోలులో ఉంటుంది. వడకట్టిన రసంలో మిగిలేది కొంచెమే, చక్కెర మాత్రం మొత్తం దిగుతుంది. ట్రైగ్లిసరైడ్లు 200 దాటినవారు రసం మానేసి పండు తినాలి.

డార్క్ చాక్లెట్ మంచిదేనా?

కొలెస్ట్రాల్ కోసమైతే కాదు. కోకో ఫ్లావనాల్స్ రోజుకు 200 మి.గ్రా. రక్తనాళాల వ్యాకోచానికి మేలని యూరప్‌లో ఒప్పుకున్నారు. కానీ క్షారంతో శుద్ధి చేసిన కోకోలో అవి చాలావరకు నశిస్తాయి, చాక్లెట్‌లో కొవ్వు, చక్కెర తోడవుతాయి. రోజుకు 500 మి.గ్రా. ఫ్లావనాల్స్‌తో 21 వేల మందికి పైగా పాల్గొన్న కాస్మోస్ ప్రయోగం 2022లో వెలువడింది. మొత్తం గుండె, రక్తనాళాల ఘటనల్లో గణాంకపరంగా నిలబడే తగ్గుదల అందులో రాలేదు.

స్టాటిన్ వేసుకుంటున్నాను. వీటితో ఏమైనా గొడవ ఉందా?

గ్రేప్‌ఫ్రూట్‌తో ఉంది. ద్రాక్షతో దానికి సంబంధం లేదు, అది పంపరపనసకు దగ్గరి చుట్టం. సింవాస్టాటిన్, లోవాస్టాటిన్, కొంతవరకు అటోర్వాస్టాటిన్‌ను పేగు గోడలోని సివైపి3ఎ4 ఎంజైము విరగ్గొడుతుంది. గ్రేప్‌ఫ్రూట్ ఆ ఎంజైమును పాడుచేస్తుంది, మందు మోతాదుకు మించి రక్తంలోకి చేరి కండరాల నొప్పులు, అరుదుగా కండర కణాలే కరిగిపోవడం దాకా పోతుంది. మొదట్లో అనుమానం నారింజిన్ అనే ఫ్లేవనాయిడ్ మీద పడింది, అసలు దోషులు ఫ్యురానోకౌమరిన్లని తర్వాత తేలింది. పొద్దున పండు, రాత్రి మాత్ర అని వేళలు మార్చుకున్నా లాభం లేదు. పాడైన ఎంజైము మళ్లీ తయారుకావడానికి రోజులు పడుతుంది. పంపరపనసలోనూ ఇవే పదార్థాలుంటాయి. రోసువాస్టాటిన్, ప్రావాస్టాటిన్‌కు ఈ చిక్కు లేదు.

గ్రీన్ టీ నాడొలాల్ అనే రక్తపోటు మందును ఒంటికి పట్టనివ్వదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు గ్రీన్ టీ ఒక్కసారిగా పెంచినా, మానేసినా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును చూపే అంకె) మారొచ్చు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు సోయా తినొచ్చా?

తినొచ్చు, దూరం పాటించాలి. సోయా పేగుల్లో లెవోథైరాక్సిన్ (ఆ థైరాయిడ్ మాత్రలోని మందు) శోషణను తగ్గిస్తుంది. మాత్ర పరగడుపున వేసుకుని సోయాకు నాలుగు గంటలు ఆగండి. ప్రతిరోజూ దాదాపు ఒకే మోతాదులో తినండి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు టిఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూపించుకోండి. దీన్ని పట్టించుకోకపోతే థైరాయిడ్ తగ్గి ఎల్‌డిఎల్ పెరుగుతుంది, అంటే కొలెస్ట్రాల్ తగ్గించడానికి తిన్న సోయాతోనే అది పెరుగుతుంది. అసలు ఈ వయసులో ఎల్‌డిఎల్ పెరిగిన ప్రతి మహిళకూ ఒకసారి టిఎస్‌హెచ్ చూడాల్సిందే. మెనోపాజ్ మీదికి నెట్టేసిన థైరాయిడ్ జబ్బులు తక్కువేం కావు.

సోయాతో రొమ్ము క్యాన్సర్ భయం ఉందా?

ఆహారంగా రోజుకు ఒకటి రెండుసార్లు తినే సోయాతో ముప్పు పెరిగినట్టు మనుషుల్లో చేసిన అధ్యయనాలు చూపలేదు. మాత్రల విషయంలో యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో రోజుకు 35 నుంచి 150 మి.గ్రా. ఐసోఫ్లేవోన్లను పరిశీలించి, మెనోపాజ్ దాటిన ఆరోగ్యవంతుల్లో రొమ్ము, గర్భాశయం, థైరాయిడ్‌కు హాని కనిపించలేదంది. అయితే 150 మి.గ్రా. ఐదేళ్లు వాడిన కొందరిలో గర్భాశయం లోపలి పొరలో క్యాన్సర్ కాని మార్పులు కనిపించాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, టమాక్సిఫెన్ వాడేవారు ఐసోఫ్లేవోన్ మాత్రలు వేసుకోవద్దు. తిండి గురించి క్యాన్సర్ డాక్టర్‌ను అడగండి.

సప్లిమెంట్ లేబుల్ ఎలా చదవాలి?

'సోయా సారం 500 మి.గ్రా.' అన్నది ఐసోఫ్లేవోన్ల బరువు కాదు. పక్కన 40 శాతం అని ఉంటే ఐసోఫ్లేవోన్లు 200 మి.గ్రా., అది పైన చెప్పిన పరిధి కంటే ఎక్కువ. ఆ బరువు చక్కెర అణువుతో కలిసిన గ్లైకోసైడ్లదా, చక్కెర లేని అగ్లైకోన్లదా అన్నది కూడా చూడాలి. 100 మి.గ్రా. జెనిస్టిన్ (చక్కెరతో కలిసిన రూపం) అంటే 62 మి.గ్రా. జెనిస్టీన్ (చక్కెర లేని రూపం) మాత్రమే. రెండు బ్రాండ్లను పోల్చేముందు ఈ లెక్క సరిచేసుకోండి.

హార్మోన్ చికిత్సతో కొలెస్ట్రాల్ తగ్గుతుందట కదా?

నోటితో వేసుకునే ఈస్ట్రోజన్ ఎల్‌డిఎల్‌ను 10 నుంచి 15 శాతం తగ్గిస్తుంది, ట్రైగ్లిసరైడ్లను పెంచుతుంది. చర్మం మీద అంటించే పట్టీతో ట్రైగ్లిసరైడ్లు పెరగవు. కానీ కొలెస్ట్రాల్ కోసమో, గుండె జబ్బు రాకుండానో హార్మోన్లు మొదలుపెట్టరు. వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం వంటి బాధలకు వాడుతుంటే ఇది పక్కన వచ్చే ప్రభావం.

తిండితోనే స్టాటిన్ తప్పించుకోవచ్చా?

కొందరు తప్పించుకోగలరు, ఫ్లేవనాయిడ్లతో మాత్రం కాదు. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం సోయా ప్రొటీన్, జిగురు పీచు, బాదం వంటి గింజలు, మొక్కల స్టెరాల్స్ నాలుగూ కలిపి 2003లో ప్రయోగం చేసింది. భోజనమంతా తూచి ఇచ్చినప్పుడు ఎల్‌డిఎల్ 28 శాతానికి పైగా తగ్గింది. అదే పద్ధతిని సలహాగా ఇచ్చి ఇంటికి పంపితే, 2011 ప్రయోగంలో ఆరు నెలలకు మిగిలింది సుమారు 13 శాతం. ఎల్‌డిఎల్ 135, వేరే ముప్పులేమీ లేవంటే ఆ 13 శాతం విలువైనదే. మూడు నుంచి ఆరు నెలలు గట్టిగా ప్రయత్నించి చూడొచ్చు.

ఎల్‌డిఎల్ 190 లేదా అంతకు పైన ఉంటే, మధుమేహం ఉంటే, ఇదివరకే గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉంటే ఆ ప్రయత్నంలో నెలలు పోగొట్టుకోవద్దు, మందు అవసరం. ట్రైగ్లిసరైడ్లు 500 దాటితే క్లోమ గ్రంథి వాపు ప్రమాదం కూడా ఉంది, వెంటనే డాక్టర్‌ను కలవండి. ఏ సారం మాత్ర వాడుతున్నా కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి కనిపిస్తే ఆ రోజే ఆపేసి కాలేయ పరీక్ష చేయించుకోండి. సీసా కూడా వెంట తీసుకెళ్లండి, అందులో ఏముందో డాక్టర్‌కు తెలియాలి.